ఓరెస్టు మూడోసారి విప్పిన కారు

ఓరెస్టు హవ్రిలుక్‌కి కోపం వస్తే తిట్టడు. చేతిలో ఉన్న పనిముట్టును మెల్లగా, మరీ మెల్లగా బల్ల మీద పెడతాడు. ఆ జనవరిలో ఆగ్నెస్ ఫ్రీసెన్ గారి కారు పుణ్యమా అని బల్ల మీద చోటు చాలలేదు.

కెనడాలో, సస్కాచువన్ గోధుమ పొలాల మధ్య ఆ చిన్న ఊళ్ళో ఆయన ముప్ఫై ఏళ్ళుగా కార్లకు తీగల పని చేస్తున్నాడు. చలికాలమంతా ఒకటే పని: ఇంట్లో కూర్చుని మీట నొక్కితే బయట కారు దానంతటదే స్టార్టయి వేడెక్కే పరికరం బిగించడం. కొత్త కారులో ఏ తీగ కోయాలన్నా ముందు సిలువ గుర్తు వేసుకుంటాడు. ఆదివారం ప్రార్థనలో ఉండగా ఎవరి బ్యాటరీ చచ్చిందన్నా చప్పుడు కాకుండా లేచి వెళ్తాడు.

ఆగ్నెస్ గారిది తాళంచెవి జేబులో ఉంటే చాలు, బటన్ నొక్కగానే స్టార్టయ్యే రకం. ఓరెస్టు పరికరం బిగించి, తాళంచెవి మీద తలుపులకు తాళం వేసే మీటనే మూడుసార్లు నొక్కమని చెప్పి పంపాడు. మర్నాడే ఫోను.

"పనిచేయలేదు నాయనా. మూడుసార్లు నొక్కాను. కీచుమని ఏడ్చి ఊరుకుంది."

"నా దగ్గర పదిసార్లు స్టార్టయింది కదమ్మా!"

"నీ మాట వింటుంది, నా మాట వినదు. మా ఆయన ఏబ్‌తో ఇన్నేళ్ళు కాపురం చేసినదాన్ని, నాకిది కొత్తేం కాదులే."

కారు మళ్ళీ వచ్చింది. ఓరెస్టు స్టీరింగ్ కింద రేకులన్నీ విప్పి, ప్రతి తీగా లాగి చూశాడు. శుభ్రంగా పనిచేసింది. ఇంటికి వెళ్ళగానే మళ్ళీ కీచుమంది. మూడోసారి వచ్చినప్పుడు ఆవిడ ఎప్పటిలాగే కారును అద్దంలా తుడిచి, వేడివేడి రొట్టెలు కూడా తెచ్చింది. ఆ మంచితనం చూసి ఓరెస్టుకు ఒళ్ళు ఇంకా మండింది. రొట్టెలు తెచ్చిన మనిషిని "మీకు నొక్కడం రాదు" అని ఎలా అనగలడు?

"ఒక్కమాట నాయనా," అంది వెళ్తూ. "గురువారం కూడా ఆ మంచుగడ్డలో కూర్చోమంటే ఆసుపత్రికి రానంటున్నాడు ఏబ్."

ఏబ్ గారికి కిడ్నీలు పోయాయి. వారానికి మూడు రోజులు అరవై కిలోమీటర్లు వెళ్ళి రక్తం శుభ్రం చేయించుకోవాలి. చల్లగాలి తగిలితే ఆయనకు గుండె పట్టేస్తుంది. ఆయన మొండితనం ఊరందరికీ తెలుసు. ఒక్కసారి మానేస్తే ఏమవుతుందో కూడా తెలుసు.

ఆ రాత్రి కారును తన దగ్గరే ఉంచుకుని, గురువారం పొద్దున ఓరెస్టే నడుపుకుంటూ వాళ్ళింటికి వెళ్ళాడు. బయట మైనస్ ముప్ఫై ఆరు డిగ్రీలు. వాకిట్లో ఆపి, దిగి, ఆగ్నెస్ చేత నొక్కించాడు. చక్కగా స్టార్టయింది.

"హమ్మయ్య! ఆపు నాయనా, ఇవి సర్దేస్తాను," అంటూ ఆవిడ లోపల్నుంచి ఓ అట్టపెట్టె తెచ్చి వెనక సీటులో పెట్టింది. దుప్పటి, కొవ్వొత్తులు, చాక్లెట్లు, ఓ ఉన్ని మేజోడు.

"ఇప్పుడు నొక్కండి," అన్నాడు ఓరెస్టు.

కీచుమంది.

"ఆ పెట్టె ఏంటమ్మా?"

"దారిలో మంచులో చిక్కుకుంటే పనికొస్తుందని ఎప్పుడూ కారులో ఉండేదే. నువ్వు కింద దూరి పనిచేసుకోవాలి, నా చెత్త నీకు అడ్డం ఎందుకని ప్రతిసారీ తీసి తెస్తున్నాను."

ఓరెస్టు పెట్టంతా వెతికి, మేజోట్లో చెయ్యి పెట్టాడు. రెండో తాళంచెవి దొరికింది. మూడు రోజులు. మూడు రోజులు రేకులు విప్పాడు!

"అమ్మా, ఈ చెవి ఊరికే ఉండదు. 'నేనిక్కడే ఉన్నా' అని కారుకు చెబుతూనే ఉంటుంది. కారేమో మీరు లోపలే ఉన్నారనుకుని తాళం పడనివ్వదు. తాళం పడకపోతే నా పరికరం స్టార్టు చేయదు. దీన్ని ఇంట్లో పెట్టుకోండి."

"పెట్టను."

"ఆగ్నెస్ గారూ!"

"కిందటేడు లోవెన్ వాళ్ళ కోడలికి నొప్పులొస్తే ఈ చెవితోనే నా కారు తీసుకెళ్ళారు. నేను చర్చిలో ఉన్నాను. గాలివానలో నన్ను వెతుక్కుంటూ రావాలా వాళ్ళు? ఈ వీధిలో చెవి లేని కారు ఒక్కటి చూపించు."

ఓరెస్టు చూపించలేడు. ఆయన ట్రక్కులోనూ ఉంది. కాకపోతే అది నోరులేని పాత ఇనుపముక్క.

గుమ్మంలోంచి ఏబ్ గారి గొంతు వినిపించింది. "తేలిందా, ఇక నేను పడుకోనా? ఆయన పని ఆయనకు చేతకాదు, నన్ను చలిలో చంపుతారు!"

ఓరెస్టు పళ్ళు బిగపట్టి, గోటితో తాళంచెవి మూత తీసి, లోపలి చిన్న బ్యాటరీ బిళ్ళను పీకేశాడు.

"అయ్యో, చంపేశావే! ఇక ఎవరికి పనికొస్తుంది?"

"చావలేదమ్మా, గొంతు తగ్గింది. కారు స్టార్టు బటన్‌కు ఆనించి నొక్కితే చెవిలో చెప్పినట్టు వింటుంది." ఆ మాటే కాగితం మీద రాసి, చెవికి చుట్టి మేజోట్లో పెట్టాడు.

ఆగ్నెస్ కళ్ళు మూసుకుని పెదవులు కదిపింది. మూడుసార్లు నొక్కింది. కారు గురగురమంది.

పావుగంట తర్వాత ఏబ్ గారిని చెరో భుజం పట్టుకుని తీసుకొచ్చారు. "సీటు చల్లగా ఉంటే వెనక్కే," అని దారంతా బెదిరిస్తూనే వచ్చాడు. కూర్చున్నాడు. మఫ్లరు దించి, గట్టిగా ఊపిరి వదిలి చూశాడు. నోటి ముందు ఆవిరి లేదు. ఇంకోసారి వదిలి చూశాడు.

తర్వాత బెల్టు పెట్టుకున్నాడు.