వియ్యపురాలికి అయిదో గిన్నె

సర్దార్‌బీకి చదవడం, రాయడం రావు. పాట కట్టడం మాత్రం వచ్చు. గుంటూరులో మా అమ్మ రాజ్యం పక్కన కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తూ, ఆ ఘాటుకి తుమ్ముతూనే పాటలు కట్టేది. తమవాళ్ళ పెళ్ళయితే ఉర్దూలో, రైతుల ఇళ్ళలో అయితే తెలుగులో. ఏ భాషలోనైనా ఆవిడ గురి ఒక్కరి మీదే, పెళ్ళికొడుకు తల్లి మీద.

ఉప్పు తక్కువన్నాది వియ్యపురాలు
ఊడ్చి తిన్నాదమ్మ నాలుగు గిన్నెలు

ఇది తొంభై ఏడులో ఒక రైతు ఇంటి పెళ్ళికి కట్టిన తెలుగు పాట. ఆ వియ్యపురాలు అలిగి విస్తరి ముందు నుంచి లేచిపోతే, "పాటకి అలిగేవాళ్ళు పెళ్ళికెందుకొచ్చారమ్మా?" అని అడిగింది సర్దార్‌బీ. అదీ ఆవిడ నోరు.

తర్వాత పెళ్ళిళ్ళకి సౌండు బాక్సులొచ్చాయి. సినిమా పాటలు మోగుతుంటే సర్దార్‌బీ గొంతు ఎవరిక్కావాలి? పిలుపులు ఆగిపోయాయి.

"రాసిపెట్టుకుందామంటే రాత రాదాయె. నాతోపాటే పోతాయిలేవే రాజ్యం," అనేది. అది విన్నప్పుడల్లా మా అమ్మకి ప్రాణం ఉసూరుమనేది.

రెండువేల ఆరులో ఆవిడ కొడుకు పీరు పెళ్ళి చిలకలూరిపేటలో జరిగింది. మేమూ వెళ్ళాం. పిల్ల తల్లి జహీరున్నీసా దూది మిల్లులో పనిచేసేది. సరిగ్గా భోజనాల వేళకి కరెంటు పోయింది, బాక్సులు మూగబోయాయి. ఆడపెళ్ళివాళ్ళు సర్దార్‌బీ చుట్టూ చేరి ఉర్దూలో పాట అందుకున్నారు. ఉప్పు తక్కువందట, నాలుగు గిన్నెలు ఊడ్చిందట!

సర్దార్‌బీ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ పాటని ఆవిడ ఉర్దూలో ఎన్నడూ కట్టలేదు.

"ఎవరు నేర్పారు మీకిది?"

"మా మిల్లులో తెలుగువాళ్ళు పాడుతుంటే విని మేమే మార్చుకున్నాం వదినగారూ. కోపమొచ్చిందా?" అంది జహీరున్నీసా.

"రాదూ మరి! నా పాటని ఇంత చప్పగా మారుస్తారా?"

వాళ్ళెవరూ నమ్మలేదు. సర్దార్‌బీ కళ్ళు తుడుచుకుని, ఎడమచేత్తో మోకాలి మీద తాళం వేస్తూ, అక్కడికక్కడే ఉర్దూలో ఒక చరణం కట్టింది. నాలుగు గిన్నెలనేది పాత మాట, అయిదోది పట్రండి, వియ్యపురాలికి ఆకలి ఇప్పుడే మొదలైంది అని దాని అర్థం. నవ్వులతో పందిరి ఎగిరిపోయింది. జహీరున్నీసా నిజంగానే అయిదో గిన్నె తెచ్చి పెట్టింది. సర్దార్‌బీ దాన్నీ ఖాళీ చేసింది.

తిరుగు బస్సులో మా అమ్మ సర్దార్‌బీని ఉడికించింది.

"ఈ చరణాన్ని రేపు మిల్లులో తెలుగులోకి మార్చేస్తారు, చూస్తుండు."

"మార్చుకోనీవే. చప్పగానైనా సరే, పాడనీ. నేను పోయినా వాళ్ళ నోళ్ళు ఉంటాయిగా."