అవినాశిలో ఒక రోజు: బాక్టీరియా చేసిన నీలిరంగు

నేను ఒంగోలులో ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతాను. జీన్స్ గుడ్డకు వేసే నీలిరంగు పాఠం వచ్చినప్పుడల్లా, దాని తయారీలో వాడే విషపు రసాయనాల పేర్లు బోర్డు మీద రాసి ఊరుకునేదాన్ని. ఎమ్మెస్సీలో నా రూమ్మేట్ సుమతి కోయంబత్తూరు తెలుగింటి పిల్ల. అదే రంగును తను బాక్టీరియాతో చేయిస్తున్నానని, శనివారం మొదటిసారి గుడ్డ ముంచుతున్నానని పోయిన నెల ఫోన్ చేసింది. వాళ్ల నాన్న మాత్రం రానన్నారట. ఆ మాట చెప్పేటప్పుడు దాని గొంతు తగ్గిపోయింది. రెండో మాట లేకుండా టికెట్ తీసుకున్నాను.

ఒంగోలులో సాయంత్రం కేరళ వైపు వెళ్లే రైలెక్కితే పొద్దున్నే కోయంబత్తూరులో దిగొచ్చు. ఏడున్నరకి సుమతి ఇల్లు చేరేసరికి అది అప్పటికే పనిలోకి వెళ్లిపోయింది. వాళ్ల నాన్న గోవిందస్వామిగారే నాకు ఇడ్లీ వడ్డించారు. ముప్పై ఏళ్లు సాయపట్టరలో, అంటే రంగుల అద్దకం చేసే చోట, మేస్త్రీగా చేసిన మనిషి. కాస్టిక్ సోడాలో నాని ఆయన వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయాయి. రేషన్ దుకాణంలో మెషిన్ ఆయన వేలిముద్ర తీసుకోదట. ఎందుకు రానన్నారని అడిగాను.

"ఆ తొట్టిలో నేను చేతులు పెట్టింది ఈ పిల్ల పెట్టకూడదనేదానికే అమ్మా. తిరిగి ఆ పనికే పోయుండాది," అన్నారాయన, గిన్నె వైపు చూస్తూ.

నేను వాదించలేదు. నాకు తమిళం రాదు, బస్సులో తోడు రమ్మని అడిగానంతే. ఇంటికొచ్చిన మనిషిని ఒంటరిగా పంపడం ఆయన వల్ల కాలేదు. గాంధీపురంలో బస్సెక్కాం. సుమతి యూనిట్ ఉన్న అవినాశికి గంటకు పైనే పట్టింది, టికెట్ ఇద్దరికీ కలిపి వంద లోపే.

అదొక రేకుల షెడ్డు. ఆయన గుమ్మంలో ఆగి, ఊపిరి పీల్చి చూశారు. కళ్లు మండించే ఆ పాత ఘాటు లేదు. పులిసిన దోసెపిండి లాంటి వాసన, అంతే. నాన్నను చూసి సుమతి చేతిలో గరాటు కింద పెట్టేసింది. తర్వాత నాకు చెబుతున్నట్టుగా ఆయనకి చెప్పింది. నీలిమందు ముడిసరుకును తయారుచేసే జన్యువులను బాక్టీరియాలో పెట్టారు. అది స్టీలు ట్యాంకులో చక్కెర తిని, రంగులేని పదార్థం చేస్తుంది. బాక్టీరియాను వడకట్టేసి, ఆ నీళ్లలో గుడ్డ నానబెట్టి ఎంజైమ్ కలిపితే, గాలి తగిలి గుడ్డ మీదే నీలం పుడుతుంది. కాస్టిక్ అక్కర్లేదు.

పదకొండు గంటలకి మొదటి గుడ్డ తీసింది. మచ్చలు మచ్చలుగా, వానకు తడిసిన గోడలా ఉంది. నాలుగింటికి తిరుప్పూరు నుంచి బట్టలు కొనే ఆయన వస్తాడు. సుమతి స్టూలు మీద కూర్చుండిపోయింది. బాక్టీరియా పనికిరాలేదనుకుంది.

గోవిందస్వామిగారు ముంచని గుడ్డ ఒకటి తీసి దాని మీద నీటిచుక్క వేశారు. చుక్క ఇంకలేదు, ముత్యంలా నిలబడింది.

"అమ్మిణీ, నీ పురుగు మీద తప్పు లేదు. గుడ్డలో గంజి పోలేదు," అన్నారు.

నేతకు పెట్టిన గంజిని తీయడానికీ సుమతి ఎంజైమే వాడింది, కానీ తొందరలో నీళ్లు సరిగా వేడెక్కనివ్వలేదు. ఆయన చొక్కా చేతులు మడిచారు. గుడ్డను మళ్లీ వెచ్చటి ఎంజైమ్ నీళ్లలో వేసి, గంట సేపు కదలనివ్వలేదు. ఈలోగా పక్క వీధి మెస్సు నుంచి అరిసి పరుప్పు సాదం తెప్పించుకుని తిన్నాం. కొంగునాడు, అంటే కోయంబత్తూరు వైపు, బియ్యం, పప్పు కలిపి వండే ఈ అన్నం ప్లేటు అరవై రూపాయలు. ఆయన తినకుండా తొట్టి దగ్గరే నిలబడ్డారు.

రంగు నీళ్ల ముందుకొచ్చాక ఆయన కూతుర్ని ఒకటే అడిగారు. "ఉత్త చెయ్యి పెట్టొచ్చునా?"

"పెట్టొచ్చు అప్పా. నీ చేతికి ఏమీ కాదు," అంది సుమతి. ఆ మాటతో దాని కళ్లు నిండాయి.

ఈసారి నీలం సమంగా ఎక్కింది, కాస్త లేతగానే. తిరుప్పూరు నుంచి వచ్చినాయన గుడ్డను ఎండలో పట్టి చూసి, ఇంకొంచెం ముదురు కావాలి, నెల తర్వాత మళ్లీ చూస్తానన్నాడు. అవుననలేదు, కాదనీ అనలేదు. అతను వెళ్లాక గోవిందస్వామిగారు చేతులు తుడుచుకుంటూ, "రేపు ఎన్ని గంటలకి రావల్ల?" అని అడిగారు.

తిరుగు రైల్లో పాఠం గురించి ఆలోచించాను. ఏ రంగుకు ఏ విషం వాడతారో ఇన్నేళ్లు చెప్పాను గానీ, అది ఎవరి చేతుల మీదుగా పోయిందో ఒక్కసారీ చెప్పలేదు. ఈ టపాను గోవిందస్వామిగారు చదవలేరు. ఆయన మాట్లాడేది తెలుగు, చదివింది తమిళం. అందుకని ఫోనులో మొత్తం చదివి వినిపించాను. గుడ్డ లేతగా వచ్చిందన్న మాట తీసేయనా అంటే, ఉన్నది ఉన్నట్టు ఉండనీ అన్నారు.

మీరు అటు వెళితే ఒక్కటి గుర్తుంచుకోండి. ఊళ్లో తమిళ బోర్డులు చూసి బెదరకుండా, పెద్దవాళ్లని నిదానంగా తెలుగులో పలకరించండి. చాలా ఇళ్లలో తెలుగే జవాబిస్తుంది.