వదిన ఉంచుకున్న మొద్దు

మా పక్కింటి వదిన చనిపోయిందన్న కబురు నాకు గోడ మీది నుంచి వచ్చింది. పొద్దున్నే పళ్ళు తోముకుంటున్నాను. వాళ్ళమ్మాయి గోడ దగ్గరికి వచ్చి, "బాబాయ్, అమ్మ ఎంత లేపినా లేస్తలేదు, ఒక్కసారి రా" అంది. వెళ్ళి చూశాను. నిద్రలోనే పోయింది.

ఊరి బళ్ళో చదివిన చదువే నాది. రాయడం అలవాటు లేదు, మాట్లాడడం అంతకన్నా లేదు. "మా మరిది నోరు తెరిస్తే ముత్యాలు రాలుతయని భయం" అని వదిన నవ్వేది. చుట్టరికం ఏమీ లేదు. ఆమె భర్తను అన్నా అని పిలిచేవాణ్ణి కాబట్టి ఆమె వదిన అయింది. ఆయన పోయి చాలా కాలమైంది. అప్పటి నుంచి ఆ ఇంట్లో తల్లీ కూతురే. ఆ పిల్లకు చిన్నప్పుడు మూర్ఛలు వచ్చేవి. దవాఖానాలో రాసిచ్చిన మాత్రలు ఇప్పటికీ వేసుకుంటుంది. ఇంట్లోనే బట్టలు కుడుతుంది.

నాకు జ్వరమొస్తే వదిన గోడ మీది నుంచి జావ గిన్నె అందించేది. ఆ గిన్నె ఎప్పుడిస్తావని అడిగిన మనిషి కాదు.

వాళ్ళ పెరట్లో ఒక టేకు చెట్టు ఉండేది. ఎక్కడా వంకర లేకుండా నిటారుగా పెరిగింది. వదిన పొద్దున ఊడ్చుకుంటూ చెట్టు దాకా వచ్చి, చీపురు పక్కన పెట్టి, బోదె మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేది. నడుము నొప్పికేమో అనుకునేవాణ్ణి. ఆ చెట్టుకు దండెం కట్టనిచ్చేది కాదు. ఎవరైనా మేకను కట్టేస్తే, "కట్టేటందుకు నీకు నా చెట్టే దొరికిందా?" అని లేచేది.

మొన్నటి ఎండాకాలం గాలిదుమారానికి వాళ్ళింటి రేకులు ఎగిరిపోయాయి. తల్లీ కూతురు టార్పాలిన్ కింద ఉన్నారు. వానలు దగ్గరికొస్తున్నాయి. చెట్టు అమ్మక తప్పలేదు. ఫారెస్టు వాళ్ళు వచ్చి కొలిచి, నంబరు వేసి, పర్మిషన్ ఇచ్చారు. సత్తుపల్లి వైపు నుంచి కలప వ్యాపారి వచ్చాడు. మగ మనిషి ఉంటే బాగుంటుందని వదిన నన్ను బేరానికి కూర్చోబెట్టింది. నేను కూర్చున్నాను, అంతే. మాట్లాడిందంతా ఆమే.

వ్యాపారి చెట్టు చుట్టూ తిరిగి, "మేకులు గిట్ల ఏమన్న ఉన్నయా పెద్దమ్మా? ఇంటి చెట్లతోని అదే లొల్లి" అన్నాడు.

"ఏం లెవ్వు" అంది వదిన. బేరం కుదిరింది.

చెట్టు కొయ్యడానికి మనుషులు వచ్చిన రోజు వదిన వాళ్ళందరికీ చాయ్ ఇచ్చింది. కోత మిషను పట్టుకొచ్చిన మనిషి గ్లాసు అందుకుంటుంటే అతని చేతి మీద పెద్ద మచ్చ కనబడింది.

"గదేంది బిడ్డా?"

"కట్టెకోత మిల్లుల పనిచేసేటప్పుడు పెద్దమ్మా. ఎవల్దో పెరట్ల వేపచెట్టు. లోపల మేకు ఉన్నదని ఎవ్వలు చెప్పలే. బ్లేడు తెగి ఎగిరింది. చెయ్యి దక్కింది, అదే సంతోషం."

వదిన ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. అవే గ్లాసులతో మళ్ళీ బయటికి వచ్చింది.

"ఆగుండ్రి బిడ్డా. మేకు ఉన్నది."

అప్పుడు చెప్పింది. పిల్లకు మూర్ఛలు వచ్చే రోజుల్లో మంత్రం వేసే ముసలాయన ఒకాయన వచ్చి, పిల్లను చెట్టుకు ఆనించి నిలబెట్టి, నెత్తి ఎంతదాకా వచ్చిందో అక్కడ మేకు దించాడట. మేకు బయటికొస్తే జబ్బు తిరిగి పిల్లకే వస్తుందని చెప్పి పోయాడట. చెట్టు లావెక్కి మేకును మింగేసింది. ఇన్నేళ్ళు పక్కింట్లో ఉండి ఆ సంగతి నాకూ తెలియదు.

"మరి మొన్న లెవ్వంటివి గద?" అన్నాడు వ్యాపారి.

"మొన్న నా బిడ్డ ఒక్కతే కండ్లల్ల మెదిలింది. ఇప్పుడు ఈ పిలగాడు గుడ మెదులుతుండు."

"అయితే తొలిచి తీసేద్దాం. మంచి కలపంత కిందనే ఉంటది."

"తియ్యనియ్యమ్మా" అంది కూతురు. "నాకు తగ్గింది మాత్రలతోని, మేకుతోని కాదు."

"మేకు కొట్టిచ్చిన వారమే మాత్రలు మొదలువెట్టిన్రు. దేంతోని తగ్గిందో నాకెట్ల తెల్వాలె? రెండూ ఉండనియ్." వదిన వ్యాపారి వైపు తిరిగింది. "మేకును ఇడిసిపెట్టి దాని మీదికెల్లి కొయ్యి బిడ్డా. కింద నాది, మీద నీది."

"ధర సగానికి పడుతది పెద్దమ్మా."

"సగం ఇల్లే కప్పుకుంటం. ఉన్నది ఇద్దరమేనాయె."

వ్యాపారి నా వైపు చూశాడు. "నువ్వన్న చెప్పు పెద్దాయనా."

నేను గొంతు సవరించుకున్నాను.

"ఆయన చెప్పేసరికి పొద్దుగూకుతది, కొయ్యిండ్రి" అంది వదిన.

మిషను మనిషి నవ్వుతూ లేచాడు. నా ఛాతీ ఎత్తున కోశారు. ముందు గదికి రేకులు పడ్డాయి. వెనక గదికి టార్పాలినే మిగిలింది. వానాకాలమంతా ఆ గదిలో గిన్నెలు పరిచి, పొద్దున్నే నీళ్ళు పారబోసేది. దాని గురించి ఎవరి దగ్గరా ఒక్క మాట అనగా నేను వినలేదు.

కర్మ అయిపోయి బంధువులు బయల్దేరుతుంటే ఒకాయన, "ఆ మొద్దు పెల్లగిద్దాం, పొయ్యిలకన్న పనికొస్తది" అన్నాడు.

"ఉండనియ్ మామా. అదేమన్న అన్నం అడుగుతున్నదా?" అంది వాళ్ళమ్మాయి.

సాయంత్రం గోడ దగ్గరికి వెళితే ఆమె పెరట్లో ఒక్కతే ఉంది. మాత్ర నోట్లో వేసుకుని, చెంబెత్తి మింగింది. మిగిలిన నీళ్ళు మొద్దు మొదట్లో పోసి లోపలికి వెళ్ళింది.