కెమెరా ఉంటేనే అమ్మ ఇల్లు

నాలుగేళ్ళపాటు మా అమ్మ ఇంటికి నేను కెమెరా లేకుండా ఒక్కసారి కూడా వెళ్ళలేదు. సినిమా పిచ్చి అనుకునేరు. కెమెరా లేకపోతే ఆ గడప తొక్కడానికి నాకు వేరే కారణం లేదు.

నేను కొడుకుగా పుట్టి కూతురిగా బతుకుతున్నదాన్ని. కౌలాలంపూర్‌లో పెళ్ళి వీడియోలు, సైబర్‌జయలో కంపెనీల వీడియోలు తీసి పొట్టపోసుకుంటాను. మిగిలిన రోజుల్లో నాకిష్టమైన డాక్యుమెంటరీలు తీసుకుంటాను. తను పనిచేసిన రబ్బరు తోట మూతపడ్డాక అమ్మ తెలుక్ ఇంటాన్ అనే ఊళ్ళో ఒక చిన్న ఫ్లాట్‌కు మారింది. అక్కడి ఇరుగుపొరుగువాళ్ళెవరూ నా చిన్నతనం ఎరగరు. తనకు ఒక్కడే కొడుకనీ, సింగపూర్‌లో పెద్ద ఉద్యోగమనీ, సెలవు దొరకదనీ అమ్మ వాళ్ళకు చెప్పి పెట్టింది. ఆ కొడుక్కి కారు కూడా ఉందట. అమ్మ కల్పనాశక్తిలో పావు వంతు నాకు వచ్చినా ఈపాటికి కథా చిత్రాలు తీస్తూ ఉండేదాన్ని.

నవ్వుతూ రాస్తున్నాను గానీ, ఆ మాట మొదటిసారి విన్నప్పుడు బస్టాండ్‌లో కూర్చుని ఏడ్చాను.

దారి కూడా ఆమే కనిపెట్టింది. "తోటలో పని సేసినోళ్ళ మీద సినిమా తీస్తానన్నావు గదా. నన్ను తియ్యి. అప్పుడు నువ్వొచ్చినా ఎవరూ ఏటీ అడగరు," అంది ఫోన్‌లో. ఒక షరతు కూడా పెట్టింది. "మొకం మాత్రం వద్దు. మన ఇద్దరి మొకం ఒకటే లా. సేతులు తీసుకో." మాట చివర 'లా' అనడం మలేషియాలో అందరికీ ఉన్న అలవాటే.

అలా నేను అమ్మ చేతులు తీశాను. ఎండు చేపలు కడిగే చేతులు, బట్టలు మడతపెట్టే చేతులు, రబ్బరు పాల కోసం చెట్టుకు గాటు ఎంత లోతు పెట్టాలో గాలిలోనే చూపించే చేతులు. పక్కింటావిడ తలుపు దగ్గర నిలబడి చూసి, "కెమెరా అమ్మాయి మళ్ళీ ఒచ్చినాది," అని నవ్వేది. ఆవిడ వెళ్ళగానే అమ్మ నాకు అన్నం పెట్టేది. నలభై నిమిషాల సినిమాకు నాలుగేళ్ళు పట్టిందంటే నా స్నేహితులు నన్ను ఏడిపించేవాళ్ళు. సినిమా అయిపోతే నేను మళ్ళీ ఆ ఇంటికి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలో వాళ్ళకేం తెలుసు?

చివరికి దాన్ని పూర్తి చేయక తప్పలేదు. ఇపో పట్నంలో మన తెలుగువాళ్ళ సంఘం హాల్లో ఒక ఆదివారం పొద్దున వేశారు. అమ్మ వస్తుందని నేను అనుకోలేదు. వాళ్ళ ఊరి గుడికి వచ్చే ఆడవాళ్ళతో కలిసి వ్యాన్‌లో వచ్చింది. పండగలకే తీసే పట్టుచీర కట్టుకుని, పక్కింటావిడతో మూడో వరసలో కూర్చుంది. సినిమా అంతసేపూ తెర వైపు కాక ఆమె వైపే చూశాను.

సినిమా అయ్యాక సంఘం పెద్దాయన మైకు పట్టుకుని అడిగాడు. "ఇన్నేళ్ళు ఇంత ఓపిగ్గా తీసినావు. ఆమె నీకేటవుతాదమ్మా?"

అమ్మ రెండు చేతులతో ముందు కుర్చీని గట్టిగా పట్టుకుంది. భయపడిందనుకున్నాను.

"ఏటీ అవదు. సినిమా కోసం కలిసినాను, అంతే," అన్నాను. తడుముకోకుండా అన్నాను. అమ్మ పరువు కాపాడానని లోపల కొంచెం గర్వపడ్డాను కూడా. అమ్మ కుర్చీని వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

భోజనాల దగ్గర, చేతులు కడుక్కునే చోట, ఆమె నా పక్కన వచ్చి నిలబడింది. అక్కడ మేమిద్దరమే ఉన్నాం.

"లెగుద్దామనే ఒచ్చినాను," అంది. "నా కూతురే అని సెప్దామని మూడు రోజులనుంచి అనుకుంటా ఉన్నాను. అప్పుడే లెగిసేదాన్ని. నువ్వు ఏటీ అవదన్నావు."

"ఇప్పుడు సెప్దాం అమ్మా, రా," అన్నాను.

"అందరూ తింటా ఉన్నారు. ఇంకోసారి లా," అని తడి చెయ్యి చీరకు తుడుచుకుని ఆడవాళ్ళలోకి వెళ్ళిపోయింది.

ఇంకోసారి రాలేదు. రెండు నెలలకు గుండెపోటు వచ్చి, ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అమ్మ పోయింది. కబురు చెప్పింది పక్కింటావిడే. సినిమా తీసినదాన్ని కదా, తెలియాలని చెప్పింది.

మొదటిసారి కెమెరా లేకుండా ఆ ఇంటికి వెళ్ళాను. కర్మ ఎవరు చెయ్యాలా అని గుడివాళ్ళు మాట్లాడుకుంటున్నారు. కొడుకు నంబరు ఎవరి దగ్గరా లేదు. నేను పక్కింటావిడ చెయ్యి పట్టుకుని, "నేను సేస్తాను. నేను ఆమె కూతుర్ని," అన్నాను.

ఆవిడ నన్ను దగ్గరకు తీసుకుని వీపు నిమిరింది. "అలాగే అనిపిస్తాదమ్మా. నాలుగేళ్ళు ఒచ్చినావు గదా. కానీ ఆమెకు కూతురు లేదు. ఏటీ అవదని ఆయాల ఇపోలో నువ్వే సెప్పినావు గదా," అంది.

ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. నేను మైకులో చెప్పాను, అందరూ విన్నారు.