గానుగ నూనె, గ్లిజరిన్, ఒక వేరు బుడిపె

మా అక్క కూతురు ఏర్పేడు దగ్గర పెద్ద చదువుల క్యాంపస్‌లో పరిశోధన చేస్తోంది. వేరుశనగ వేళ్ళ మీద ఆవగింజల్లా ఉండే బుడిపెల్లో బాక్టీరియా ఎలా కాపురం చేస్తుందో చూడటం ఆమె పని. మొక్కలు పలమనేరు దగ్గరి మా చేలోవి. పంట పీకేశాం. ఆమె దగ్గర మిగిలింది ఒకే ఒక్క బుడిపె. దాని నడిమధ్య ఫొటో ఆ రోజు రాకపోతే మళ్ళీ విత్తనం పడేదాకా ఆగాల్సిందే.

నన్ను ఎవరూ రమ్మనలేదు. కానీ తిరుపతి గ్రంథాలయంలో సూక్ష్మదర్శిని పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివినవాణ్ణి, ఇంట్లో ఎలా కూర్చుంటాను? కటకానికీ వస్తువుకీ మధ్య గాలి ఉంటే వెలుగు వంగిపోతుందనీ, నూనె చుక్క వేస్తే బాగా కనిపిస్తుందనీ అందులో ఉంది. అందుకే గానుగలో ఆడించిన వేరుశనగ నూనె చిన్న సీసాలో తీసుకెళ్ళాను. వేరుశనగను చూడటానికి అంతకన్నా దగ్గరి బంధువు ఎవరు?

ప్రయోగశాలలో నా సీసా చూసి ఆమె నవ్వాపుకోలేకపోయింది.

“ఏంది మామా ఇది? తాలింపు పెడదామనా?”

“నవ్వద్దు మే. పుస్తకంలో సదివినా. నూనె అయితేనే తెల్లంగా కనపడతాది.”

బుడిపెను ఆమె ముందే చిక్కటి చక్కెర పాకంలో ఊరబెట్టింది. అది గాజులా పారదర్శకంగా మారింది. సూక్ష్మదర్శిని కటకం కింద మొదట నీళ్ళ చుక్క వేసింది. కంప్యూటర్ తెర మీద బుడిపె తోలు స్పష్టంగా కనిపించింది. లోపలికి దిగేకొద్దీ మసకబారి, నడిమధ్యకు వచ్చేసరికి చీకటే.

“నీళ్ళు వద్దంటే ఇన్యావా?” అన్నాను.

తుడిచి, ప్రయోగశాల నూనె వేసింది. ఈసారి ఇంకాస్త లోతుకు పోయింది కానీ నడుమకు చేరకముందే అలుక్కుపోయింది. నా మొహం కూడా.

“నీ పుస్తకంలో ఉండేది పల్చటి పొర సంగతి మామా. ఇది లోతు. ఈడ లేజర్ వెలుగు కణాలు రెండు ఒకేసారి ఒకే చోట తగిల్తేనే మెరుపు. పైనుండే చుక్కా లోపలుండే పాకమూ వెలుగును ఒకే మాదిరి వంచాల. తేడా ఉంటే లోతుకు పోయేకొద్దీ చెదిరిపోతాది.”

అర్థమైంది. తిరుపతి బస్టాండులో కలుద్దామనుకుని, ఏ ప్లాట్‌ఫారమో చెప్పుకోని ఇద్దరు చుట్టాల గతి.

“మరి పాకానికి దగ్గరిదేది?”

“గ్లిజరిన్. ఇంకోటి సెప్తే ఎగురుతావు. నీ చెనిక్కాయ నూనె కూడా ఇంచుమించు అంతే వంచుతాది.”

కుర్చీలోంచి లేచాను. “ఎయ్యి అయితే!”

“లేజర్ తగిల్తే వంటనూనె దానంతటదే మెరుస్తాది మామా. ఏది బుడిపె మెరుపో, ఏది నూనె మెరుపో ఎట్ట తెలుస్తాది? ఆ కటకం మీద నీ జిడ్డు పడితే మా సార్ నన్ను గానుగలో ఏస్తాడు.”

కూర్చున్నాను.

గ్లిజరిన్ చుక్క వేసి, కటకం మీద చూపు సరిదిద్దే రింగును దానికి తగ్గట్టు తిప్పింది. బుడిపె తోలు దాటాం. మసకబారే చోటూ దాటాం. నడిమధ్యకు చేరేసరికి కణాలు పండిన దానిమ్మ గింజల్లా ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, బాక్టీరియాతో నిండుగా మెరుస్తున్నాయి.

“మామా, ఉండాయి! అన్నీ ఉండాయి!”

ఫొటో భద్రపరిచింది. నమ్మకం చాలక మళ్ళీ భద్రపరిచింది. అప్పుడు గానీ వెనక్కి వాలలేదు.

“సూడు మే, నీళ్ళకూ నూనెకూ మధ్యలో...” అని నేను మొదలుపెట్టాను.

“నోరు మూసుకోని సూడు మామా.”

మూసుకుని చూశాను.