మూడు కోర్సుల పులిహోర

మా మామయ్య ఓడ ఉద్యోగం మానేసి ఇంటికొచ్చేసరికి నా పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. మామయ్య అంటే మా ఆయన తండ్రి. మద్రాసు నుంచి రంగూను, పెనాంగు, సింగపూరు వైపు తిరిగే ప్రయాణికుల ఓడల్లో, ఫస్ట్ క్లాసు భోజనాల గదిలో వడ్డన చేసేవారు. మా పెళ్ళినాటికి ఆయన ఎక్కడో సముద్రం మధ్యలో ఉండి రాలేకపోయారు. అందుకని నేను ఆయన్ని మొదటిసారి చూడటం, ఆయన నా వంట మొదటిసారి తినటం, రెండూ ఒకే మధ్యాహ్నం జరిగాయి.

మాది నరసరావుపేట. ఇంట్లో అత్తమ్మ, మా ఆయన, నేను. మా ఆయన స్కూల్లో లెక్కల మాస్టారు. ఇంట్లో లెక్కలు కూడా చెప్పేవారు కాదు, అంత తక్కువ మాట్లాడేవారు. ఆ లోటు అత్తమ్మ తీర్చేది.

మామయ్య రైలు దిగి, ఇనప్పెట్టె కూలీ నెత్తిన పెట్టించుకుని వచ్చారు. కాళ్ళు కడుక్కుని, ప్రార్థన చేసుకుని, పీట మీద కూర్చున్నారు. నేను కంచం నిండా అన్నం, చుట్టూ ముద్దపప్పు, గోంగూర, వంకాయ కూర, కోడిగుడ్ల పులుసు, పండుమిరప పచ్చడి సర్ది, ఆయన ముందు పెట్టాను. ఆయన కంచం వంక చూశారు. చెయ్యి మాత్రం పెట్టలేదు.

"అమ్మాయ్, అన్నీ ఒక్కసారే వచ్చేసినయ్యేందమ్మా? ఓడేమన్నా మునిగిపోతా ఉందా?"

నాకు అర్థం కాలేదు. అత్తమ్మకు అయింది.

"మునిగేది నీ మొహం. తిను," అంది.

ఆయన తిన్నారు. మారు కూడా అడిగారు. కానీ చేతులు కడుక్కుంటూ నాతో నెమ్మదిగా అన్నారు, "వంట ఫస్ట్ క్లాసమ్మా. సర్వీసు మాత్రం డెక్కు క్లాసు." డెక్కు క్లాసంటే ఓడ పైతట్టు మీద చాపలు పరుచుకుని ప్రయాణం చేసే బీదాబిక్కీ అని తర్వాత తెలిసింది. ఆ పూట మాత్రం అదేదో మెచ్చుకోలు అనుకుని సంతోషించాను.

మర్నాటి నుంచి మా ఇంట్లో ఓడ నడవటం మొదలైంది.

మొదట సూపు. ఓడలో అన్నీ కలిపి పెట్టరట, ఒకటి తిన్నాక ఒకటి తెస్తారట, ఒక్కో వడ్డనా ఒక కోర్సట. ఫస్ట్ క్లాసు వాళ్ళు భోజనానికి ముందు సూపు తాగుతారని, అది లేకపోతే కడుపు తలుపు తెరవదని మామయ్య చెప్పారు. మా ఇంట్లో సూపుకు దగ్గరగా ఉన్నది చారొక్కటే. అది గిన్నెల్లో పోసి ముందు ఇచ్చాను. అత్తమ్మ గిన్నెలోకి తొంగి చూసి, "నాకు జ్వరమేం రాలా," అంది.

"జ్వరానిక్కాదే, ఇది మొదటి కోర్సు."

"చారంతా ఇప్పుడే తాగేస్తే అన్నంలో ఏం పోసుకోను, నీ ఓడ నీళ్ళా?"

చివరికి రాజీ కుదిరింది. చారు రెండుసార్లు కాయాలి, ముందు తాగటానికి ఒకసారి, వెనక కలుపుకోవటానికి ఒకసారి. ఆ రాజీ కుదిర్చిన ఇద్దరిలో ఒక్కరూ పొయ్యి దగ్గరికి వచ్చేవాళ్ళు కాదు.

తర్వాత నాప్కిన్లు. మామయ్య తన పాత పంచె ముక్కలు చేసి, గంజి పెట్టి, ఒక్కో ముక్కను బాతులా మడిచి కంచం పక్కన నిలబెట్టేవారు. నిజంగా బాతే, మెడ, తోక అన్నీ ఉండేవి. మా ఆయన మొదటిరోజు దాన్ని జాగ్రత్తగా ఎత్తి గూట్లో పెట్టి వచ్చి, మూతి ఎప్పటిలాగే భుజం మీది తువ్వాలుతో తుడుచుకున్నారు. బాతును విప్పటానికి ఆయనకు మనసొప్పలేదట. వారం తిరిగేసరికి గూట్లో బాతుల మంద తయారైంది.

అన్నిటికన్నా పెద్ద గొడవ జేగంటతో వచ్చింది. ఓడలో భోజనం సిద్ధమైందని తెలియటానికి గుండ్రటి కంచుపళ్ళెం ఒకటి కొట్టేవారట. అలాంటిదే ఒకటి పెనాంగులో కొనుక్కొచ్చారు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వాకిట్లో నిలబడి టంగు టంగుమని దాన్ని వాయించేవారు. తినేది మేం నలుగురమే. ముగ్గురం అప్పటికే ఆయన ఎదురుగా నిలబడి ఉండేవాళ్ళం.

మా వీధిలో జేగంట కొట్టేది అంతవరకూ దాసరి ఒక్కడే. అడ్డబొట్టూ నిలువుబొట్టూ చూసే ఓపిక లేని ఇరుగమ్మా పొరుగమ్మా చప్పుడు వినగానే చేటలో బియ్యం తీసుకుని మా గుమ్మం ముందుకొచ్చేవాళ్ళు. అక్కడ మామయ్య ఓడలో వేసుకునే తెల్ల కోటు, ఇత్తడి గుండీలతో నిలబడి ఉండేవారు. ఒకామె చూసుకోకుండా ఆయన కోటు జేబులో బియ్యం పోసి, కళ్ళు మూసుకుని దణ్ణం కూడా పెట్టి వెళ్ళింది.

నాలుగు రోజులకు అసలు దాసరి వచ్చాడు. ముఖం చిన్నబుచ్చుకుని అరుగు కింద నిలబడి, "అయ్యా, ఈ వీధి మా తాతల కాడ్నుంచి మాది. తమరు కొత్తగా దిగారంట. నేనెట్టా బతకాల?" అన్నాడు.

మామయ్యకు విషయం అర్థమయ్యేసరికి కాసేపు పట్టింది. అర్థం కాగానే మహా మర్యాదగా అతన్ని అరుగు మీద కూర్చోబెట్టారు. భోంచేసి పొమ్మన్నారు. దాసరి, "వండింది ముట్టనయ్యా, బియ్యమైతే తీసుకుంటా," అన్నాడు.

మామయ్య లోపలికొచ్చి ఒక గిన్నెలో దోసెడు బియ్యం పట్టుకెళ్ళి, వంగి అతని ముందు పెట్టారు. దాసరి జోలెలో పోసుకుని లేవబోయాడు.

"ఆగవయ్యా, ఇంకా మొదటి కోర్సే."

ఆ గిన్నె తీసుకొచ్చి నాకిచ్చి, ఇంకో గిన్నెలో కందిపప్పు పట్టుకెళ్ళారు. అది జోలెలో పడ్డాక ఎండుమిరపకాయలు. చివర్న తీపి ఉండాలని బెల్లంముక్క. దాసరి ఒక్కో గిన్నెకూ లేవటం, మళ్ళీ కూర్చోవటం. అంతా అయ్యాక, "అన్నీ కలిపి ఒక్కసారే ఇస్తే ఈపాటికి రెండు వీధులు తిరిగేవాణ్ణి గదయ్యా," అన్నాడు. కానీ మరుసటి వారం నుంచి మా గుమ్మం దగ్గర పాట కూడా పాడకుండా నేరుగా అరుగెక్కి, "ఇయ్యాల కోర్సులేందమ్మా?" అని అడిగేవాడు.

మామయ్య ఓడ ఎందుకు మానేశారని ఎవరన్నా అడిగితే వయసు మీద పడిందని చెప్పేవారు. అసలు కారణం వెన్న. అది ఒక సాయంత్రం నేను వేరుశనగకాయలు ఒలుస్తుంటే చెప్పారు.

ఆయన చేరిన కొత్తల్లో భోజనాల బల్లల మీద వెన్నను గులాబీ పువ్వులా చెక్కి, ఐసుముక్కల మీద పెట్టేవారట. కొన్నాళ్ళకు గులాబీ పోయి ఉండ వచ్చింది. ఆ తర్వాత ఉండ కూడా పోయి, కాగితంలో చుట్టిన బొటనవేలి గోరంత ముక్క మిగిలింది. బల్లమీది తెల్ల దుప్పట్లు పోయి రబ్బరు గుడ్డలొచ్చాయి. చేపముక్క పలచబడి పలచబడి కింద పళ్ళెం మీది పువ్వులు కనిపించసాగాయి. డబ్బున్నవాళ్ళంతా విమానాలెక్కటం మొదలుపెట్టారని, ఓడవాళ్ళు ఖర్చు తగ్గించారని ఆయన చెప్పారు.

"తినేవాళ్ళూ మారిపోయార్లేమ్మా. ముందు కోటు తొడుక్కోకుండా గదిలోకి అడుగు పెట్టేవాళ్ళు కాదు. రెండు గంటలు కూచునేవాళ్ళు. చివర చివర పొట్టిచేతుల చొక్కాలతో వచ్చి, ఉన్నదంతా ఒక్కసారే తెచ్చెయ్, పేకాట ఉందనేవాళ్ళు."

"వెన్న సంగతి చెప్పండి మామయ్యా."

"ఏముంది, ఒకరోజు కాగితం విప్పితే లోపల డాల్డా లాంటిదేదో ఉంది. ఒక ముసలి దొరసాని నన్ను పిలిచి, ఇది వెన్నేనా అనడిగింది. అవును మేడమ్ అన్నా. ఆ ముసలమ్మ నా మొహం వంక చూసి, పోన్లే పాపం అన్నట్టు తలూపింది. అంతే, ఇంక ఆడ ఉండబుద్ధి పుట్టలా. మద్రాసులో దిగి పెట్టె సర్దుకున్నా."

అప్పటిదాకా పక్కన చింతపండు గింజలు తీస్తున్న అత్తమ్మ, "మరి నువ్వేం తినేవాడివి ఆడ?" అనడిగింది.

"అన్నం, పప్పు, ఎండుచేపల పులుసు. వంటగదిలో నిలబడి. బల్ల దగ్గర మేం కూచోకూడదు గదా."

అత్తమ్మ తీసిన గింజలు మళ్ళీ చింతపండులోనే వేసింది. అది ఆమెకు అలవాటు లేని పని కాబట్టి నాకు గుర్తుండిపోయింది.

తర్వాత కొన్నేళ్ళకు సాగర్ ఆనకట్ట వెనక కృష్ణ నీళ్ళు నిలిచాయి. అక్కడి కొండ చుట్టూ నీళ్ళు చేరి దీవిలా అయిందని, మాచర్ల వైపు నుంచి లాంచీలు నడుస్తున్నాయని పల్నాడంతా చెప్పుకున్నారు. మా ఆయన స్కూల్లో ఎవరో చూసొచ్చి, ఒక లాంచీలో భోజనం కూడా పెడుతున్నారని చెప్పారట. ఆ మాట ఇంట్లో పొరపాటున అనేశారు.

మామయ్య కళ్ళు పెద్దవయ్యాయి. "ప్యాసింజర్లకా? కూచోబెట్టి?"

"పెడతారంట నాయనా. ఎట్టా పెడతారో నేనడగలా."

ఆ ఆదివారం తప్పించి పై ఆదివారం నలుగురం బయల్దేరాం. మామయ్య మా ఆయన పెళ్ళికోటు తొడుక్కున్నారు. తెల్ల కోటు వడ్డించేవాళ్ళదట, తినేవాళ్ళది నల్లది. కోటు చేతులు పొడుగై వేళ్ళ చివర్లు మాత్రమే కనిపించాయి. మాచర్ల బస్సులో ఎండకి కారిపోతూ కూడా గుండీ విప్పలేదు. పొద్దున టిఫిను కూడా తినలేదు. "ఇన్నేళ్ళూ పెట్టినోణ్ణి, ఇయ్యాల కూచుని తింటా," అని బస్సులో పక్కన కూర్చున్న ముప్పాళ్ళ రైతుకు చెప్పారు. ఆ రైతు, "పెళ్ళికా?" అనడిగాడు.

లాంచీలో రెండు వరసలు చెక్కబెంచీలు. మామయ్య ఒక చివర, నీళ్ళ పక్కన నిటారుగా కూర్చుని, మా ఆయన గూట్లోంచి తెచ్చిన బాతును ఒళ్ళో పెట్టుకున్నారు. లాంచీ కదిలిన కాసేపటికి, లుంగీ ఎగ్గట్టిన ఒకతను గంపతో వచ్చి, ఆకుపొట్లాలు అటొకటి ఇటొకటి విసరసాగాడు.

"పట్టుకో పెద్దాయనా!"

పొట్లం సరిగ్గా బాతు మీద పడింది.

మామయ్య దాన్ని చూశారు. అతన్ని చూశారు. "మెనూ ఏందయ్యా?" అన్నారు.

"ఏ మేనత్త?"

"అది కాదు, ఏం పెడతారు తినటానికి?"

"పులిహోర."

"తర్వాత?"

"తర్వాత దిగటమే."

మామయ్య పొట్లం కింద నలిగిన బాతు మెడ సరిచేశారు. ఇంతలో ఎదుటి బెంచీ మీది ముసలావిడ పొట్లం దారం ఊడక పళ్ళతో పీకుతోంది. మామయ్య లేచి వెళ్ళి దారం విప్పారు. ఆకు సరిచేసి ఆమె ఒళ్ళో పెట్టి, వంగి, "మిరపకాయలు ఉంచమంటారా, తీసేయమంటారా?" అన్నారు. ఆవిడ సంబరపడి తీసేయమంది. పక్కనాయన, "నాకూ విప్పు," అన్నాడు. ఇంకొకాయన నీళ్ళు అడిగాడు. లాంచీ మనిషి ఈ ఏర్పాటేదో బాగుందనుకుని గంప మామయ్య చేతిలో పెట్టి, వెనక్కి పోయి బీడీ ముట్టించాడు. గాలికి లాంచీ అటూ ఇటూ ఊగుతోంది. అందరం బెంచీలు పట్టుకుని కూర్చున్నాం. మామయ్య పొడుగు చేతుల కోటుతో, ఒక చేత్తో గంప, ఒక చేత్తో నీళ్ళచెంబు పట్టుకుని, మెతుకు పడకుండా, చుక్క ఒలకకుండా మధ్యలో తిరుగుతున్నారు.

"ఏమయ్యో!" అత్తమ్మ కేక ఇంజను చప్పుడును మించిపోయింది. "ఇటు రా. కూచో."

"ఇంకా ఇద్దరికి..."

"వాళ్ళకు చేతుల్లేవా? కూచోమంటున్నా."

ఆయన కూర్చున్నారు. అత్తమ్మ లేచి, బెంచీ కమ్మీ పట్టుకుని ఆయన ముందు నిలబడింది. తన పొట్లం విప్పి, పులిహోరలోంచి వేరుశనగపప్పులు ఏరి, ఖాళీ ఆకులో వేసి ఆయన ఒళ్ళో పెట్టింది.

"ఇదుగో మొదటి కోర్సు. పల్లీలు."

పక్క బెంచీల వాళ్ళు ఇటు తిరిగారు. మామయ్య ఒక్కొక్కటే నమిలారు. అత్తమ్మ ఆకు తీసేసి పులిహోర పెట్టింది.

"ఇది రెండోది."

"ఎడమ పక్కనుంచి వడ్డించాలే," అన్నారు మామయ్య మెల్లిగా.

"ఎడమ పక్క కిష్ణ ఉంది. దిగి వడ్డించమంటావా?"

లాంచీ అంతా గొల్లుమంది. మామయ్య కూడా నవ్వారు. పులిహోర అయ్యాక అత్తమ్మ కొంగుముడి విప్పి, ఇంటినుంచి తెచ్చుకున్న వేరుశనగ ఉండ ఆయన చేతిలో పెట్టింది.

"ఇదేందో నువ్వే చెప్పాల. చివర తీపిది."

"పుడ్డింగు," అన్నారాయన. మిరపకాయ కొరికానని చెప్పి కోటు చేతితో కళ్ళు తుడుచుకున్నారు. బాతు పక్కనే ఉంది, దాన్ని మాత్రం విప్పలేదు.

"మాకూ అట్టా పెట్టమ్మా," అన్నాడు వెనక బెంచీలోంచి ఒక రైతు.

"నీ పెళ్ళాన్ని తెచ్చుకో," అంది అత్తమ్మ.

దిగేటప్పుడు లాంచీ మనిషి, "పులిహోర ఎట్టుంది పెద్దాయనా?" అన్నాడు. మామయ్య గంభీరంగా, "ఉప్పు కాస్త తక్కువయిందయ్యా," అన్నారు. అతను, "మా ఇంటిది చేసింది. అదుగో, ఒడ్డున కూచుంది, చెప్పు," అని చూపించాడు. ఆమె అత్తమ్మ సైజులో, భారీగా ఉంది. మామయ్య అటు ఒక్కసారి చూసి, "సరిపోయిందిలే," అని దిగిపోయారు.

ఆ పై ఆదివారం మా ఇంట్లో ఒక మార్పు వచ్చింది. మధ్యాహ్నం అత్తమ్మ అందరికంటే ముందు వచ్చి పీట మీద కూర్చుంది. కూర్చుని, "ఊఁ, పెట్టు," అంది. మామయ్య తెల్ల కోటు తొడుక్కుని, ఎడమ పక్కనుంచి వంగి చారు పెట్టారు.

"ఇదేంది, చల్లారిపోయింది!"

"యస్ మేడమ్," అంటూ ఆయన గిన్నె తీసుకుని వంటింట్లోకి పరిగెత్తుకొచ్చారు. నేను నవ్వాపుకుంటూ చారు మళ్ళీ పొయ్యి మీద పెట్టాను. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"కాస్త మరిగించమ్మాయ్, చానా ఏళ్ళకు దొరికింది అసలైన ఫస్ట్ క్లాసు ప్యాసింజరు," అన్నారు. ఈలోపు బయటినుంచి, మంచినీళ్ళు కూడా వెచ్చగా ఉన్నాయని కేక వినిపించింది.