అడుగున పేరు లేని గిన్నెలు

వెల్డా ప్రూయిట్ గురించి అడిగితే మా ఊళ్లో ఒక్కొక్కరూ ఒక్కో ముక్క చెబుతారు. నేను మా ఊరి హైస్కూలు వంటగదిలో ఇరవై రెండేళ్లు గరిటె తిప్పినదాన్ని. ముందు నేను చెప్పేది వినండి.

టెనెస్సీ కొండల్లో మాది చిన్న ఊరు. వెల్డా స్కూల్లో జీవశాస్త్రం టీచరు, మా బాప్టిస్టు చర్చిలో పియానో ఆవిడదే. వారమంతా పిల్లల చేత కప్పలు కోయించి, ప్రాణులు కోట్ల ఏళ్లలో ఎలా మారుతూ వచ్చాయో చెప్పేది. ఆదివారం, దేవుడు ఆరు రోజుల్లో లోకాన్ని చేశాడన్న పాటకు కళ్లు మూసుకుని వాయించేది. ఈ రెండూ ఆమె లోపల ఎప్పుడూ కొట్టుకోలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి మాకూ గొడవ లేకపోయింది.

ఒక ఏడు ఆగస్టులో స్కూలు బోర్డు అడిగింది. జీవపరిణామం పాఠానికి ముందు టీచర్లు ఒక కాగితం చదవాలట. ఈ పాఠం ఒట్టి ఊహేననీ, సృష్టికర్త అన్నిటినీ ఒక్కసారే చేశాడన్నది కూడా దీనికి సమానమైన శాస్త్రమేననీ అందులో ఉంది. మీటింగులో మాట్లాడే వాళ్లకు తలా మూడు నిమిషాలు ఇచ్చారు. వెల్డాకు ఒక్క నిమిషం సరిపోయింది.

"ఆదివారం నా కప్పల్ని చర్చికి తెమ్మని మీరెవరూ అడగరు. నేనూ తేను. సోమవారం చర్చిని నా క్లాసుకు తెమ్మనకండి. శాస్త్రం కానిదాన్ని శాస్త్రమని పిల్లలకు చెప్పలేను. అబద్ధమాడొద్దని నాకు నేర్పింది మన చర్చే కదా!"

బోర్డు పెద్ద ఆర్లిస్ టాకెట్. మా చర్చి పెద్దా ఆయనే. ముందుకు వంగి, "డొంకతిరుగుడు వద్దు వెల్డా. మీ తాత కోతా, ఆదామా? సూటిగా చెప్పు" అన్నాడు.

"మా తాత నీకు తెలియకపోవడమేమిటి ఆర్లిస్? చిన్నప్పుడు నువ్వు ఎత్తుకుపోయిన పుచ్చకాయలు ఆయన తోటవేగా!"

హాలంతా గొల్లుమంది. ఆర్లిస్ మొహం కందగడ్డ అయింది. అదే ఆమె చేసిన తప్పు. మా ఊళ్లో కాదన్నవాళ్లను క్షమిస్తారు గానీ, నలుగురిలో నవ్వులపాలు చేసినవాళ్లను క్షమించరు.

ఉద్యోగం తీసెయ్యలేదు. పాము చావకుండా కర్ర విరగకుండా, ప్రిన్సిపాలే వెళ్లి ఆమె క్లాసులో కాగితం చదివాడు. అంతసేపూ ఆమె వరండాలో గోడ పక్కన నిలబడింది. వంటగది కిటికీలోంచి చూసి ఉండబట్టలేక వెళ్లాను.

"లోపలికొచ్చి కూర్చోవే, కాఫీ ఇస్తా" అన్నాను.

"కాళ్లు బాగానే ఉన్నాయిలే ఓనా" అంది.

చర్చిలోనూ ఎవరూ పొమ్మనలేదు. "మీరు కాస్త విశ్రాంతి తీసుకోండి సిస్టర్" అని ఆర్లిస్ పియానోను తన కోడలికి అప్పగించాడు. పాటకు నాలుగు తప్పులు ఆ పిల్లవి. వెల్డా మూడో వరసలో కూర్చుని పాడేది. ఆ వరసలో ఇంకెవరూ కూర్చునేవాళ్లు కాదు. నేనూ కూర్చోలేదు. నా మొగుడు నడిపేది ఆర్లిస్ కలప మిల్లు లారీ మరి. గోడ మీద పిల్లి అంటే నన్నే అనండి, పడతాను.

ఫిబ్రవరిలో ఆమె భర్త ఆర్బిన్ పోయాడు. చావు జరిగిన ఇంట్లో వారం పాటు పొయ్యి వెలిగించనివ్వం మేము. ఊళ్లో ఆడవాళ్లమే తలా ఒక గిన్నె వండి పట్టుకెళతాం. గిన్నె అడుగున టేపు అంటించి పేరు రాస్తాం, తిరిగి ఎవరి ఇంటికి చేరాలో తెలియాలిగా. ఆ గిన్నెను ఖాళీగా తిరిగివ్వడం మాత్రం మహా తప్పు.

ఆ సాయంత్రం వెల్డా ఇంటి ముందు ఒక్క కారు లేదు. నేను మాకరోనీ చేసి, అంచున నీలం పూలున్న మా అమ్మ గాజు గిన్నెలో సర్దాను. కారెక్కాక గిన్నె ఎత్తి, అడుగున ఉన్న 'ఓనా రిగ్స్' టేపును గోరుతో గీకి పీకేశాను. వరండా మెట్టు మీద పెట్టి, తలుపు కొట్టకుండా వెనక్కి తిరిగాను. అక్కడ అప్పటికే రెండు గిన్నెలున్నాయి. ఎత్తి చూశాను. వాటి అడుగునా టేపు పీకిన జిగురు మరకలే. నవ్వొచ్చిందా, ఏడుపొచ్చిందా అంటే ఏదీ రాలేదు. ఇంటికొచ్చి మిగిలిన మాకరోనీ వడ్డించాను.

రెండు ఆదివారాలు పోయాక, ఆరాధన అయ్యి అందరం కాఫీ తాగుతుంటే, వెల్డా కారులోంచి ఒక్కో గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టింది. మొత్తం ఏడు. ప్రతిదాంట్లోనూ యాపిల్ కేకు.

"ఆర్బిన్ పోయినప్పుడు ఇవి నా వరండాలోకి వచ్చాయి. అన్నీ తిన్నాను. ఎవరివో తెలియలేదు. ఎవరిది వాళ్లు తీసుకోండి" అంది.

ఒక్కరు కదల్లేదు. మొదటి గిన్నె ఆర్లిస్ ఇంటిదే, దాని చెవి విరిగిన చోటు నేనెరుగుదును. ఆర్లిస్ భార్య కాఫీ కప్పులోకి చూస్తోంది. మూడోది మా అమ్మది.

వెల్డా నా దగ్గరకొచ్చింది. నా చేతి వంట ఇరవై రెండేళ్లు తిన్న మనిషి.

"ఓనా, మాకరోనీలో ఆవపిండి వేసేది ఎవరో నీకేమన్నా తెలుసా?" మెల్లగా అడిగింది.

"తెలీదు" అన్నాను.

యేసు ఎవరో ఎరగనని పేతురు బొంకినప్పటిలా కోడి కూయలేదు, అంతే తేడా. ఆమె తలూపి, కోటు వేసుకుని వెళ్లిపోయింది. సిగ్గుతో చచ్చిపోవాల్సింది నేను. కానీ లోపలంతా మొద్దుబారిపోయింది. కప్పులు కడిగి ఇంటికి పోయాను.

మరుసటి ఏడు కోర్టు ఆ కాగితాన్ని ఆపేసింది. వెల్డా రిటైరైంది. ఇప్పటికీ మూడో వరసలోనే కూర్చుంటుంది, పాడుతుంది. పియానో ఆమెకు తిరిగి రాలేదు. కేకులు ఎవరు పారేశారో తెలియదు గానీ, గిన్నెలు మాత్రం చర్చి వంటగది అలమరాలో ఉన్నాయి, ఏడూ. శుభ్రం చేసే వంతు నాకు వచ్చినప్పుడల్లా దించి, దుమ్ము కడిగి, తుడుస్తాను. మా అమ్మ గిన్నెను కూడా వాటి పక్కనే బోర్లిస్తాను.